విశాఖ పాత కట్టడాలకు సిమెంటూ తాళమూ చేస్తున్న చేటు

సంపాదకులకు,

అయ్యా,

గత వారం మీ పత్రిక జిల్లా పుటలో విశాఖ పాత పట్నమైన వన్‌టౌన్‌లోని ఒక పాత మేడ ఛాయాచిత్రాన్ని ప్రచురించారు. పిట్టగోడను చీల్చుకుని పెరిగిన రావి మొక్క, పెచ్చులూడిన గోడలు, తాళం వేసిన వీధి తలుపు అందులో స్పష్టంగా కనిపించాయి. దాని కింద ‘కాలం తీరిన కట్టడం’ అని వ్యాఖ్య రాశారు. ప్రభుత్వ భవనాల నిర్మాణంలో, మరమ్మతుల్లో ముప్ఫై రెండేళ్లు ఇంజినీరుగా పనిచేసి ప్రస్తుతం విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ వ్యాఖ్యతో పేచీ ఉంది. సున్నంతో, బాగా కాలిన ఇటుకతో, రంగూన్ టేకు దూలాలతో సక్రమంగా కట్టిన ఇంటికి నూరేళ్లు పెద్ద వయసు కాదు. మన ఊళ్లో గునపం దెబ్బకు పడిపోయిన కట్టడాల కంటే, బాగుచేస్తున్నామనుకుంటూ మనం పూసిన సిమెంటు వల్లా, కాపాడుతున్నామనుకుంటూ మనం వేసిన తాళం వల్లా పాడైనవే ఎక్కువని నా అనుభవం చెబుతోంది. ఈ సంగతి కాస్త వివరంగా రాయడానికి మీ పత్రికలో చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఎవరినో తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, ఎందుకంటే ఆ తప్పు చేసినవారిలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బ్రిటిషు కాలంలో కట్టిన ఒక కార్యాలయ భవనం గోడలు చెమ్మగిల్లుతున్నాయని ఫిర్యాదు వస్తే, పాత సున్నపు పూతనంతా గీకించి దాని స్థానంలో ఒకటికి నాలుగు పాళ్ల సిమెంటు పూత వేయించేందుకు అంచనా తయారుచేసింది నేనే. పని మొదలుపెట్టిన రోజున, మాతో వచ్చిన ముసలి మేస్త్రీ ఒకాయన గోడ మీద చెయ్యి వేసి, “బాబూ, ఈ గోడకి సిమెంటు పడదు, ఊపిరాడక సచ్చిపోద్ది” అన్నాడు. గోడకు ఊపిరేమిటని నేను నవ్వాను. సిమెంటు పూత నున్నగా, ముచ్చటగా వచ్చింది, పై అధికారులు మెచ్చుకున్నారు కూడా. మూడు వానాకాలాలు గడిచాక ఆ పూత పలకలు పలకలుగా ఊడిపడింది. దాని వెనక ఉన్న ఇటుక వేలితో నొక్కితే పిండిలా రాలిపోయింది. నూరేళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలిచిన గోడను నేను మూడేళ్లలో పిండి చేశానన్నమాట.

ముసలి మేస్త్రీ మాటలో ఉన్న శాస్త్రం నాకు ఆ తరవాతనే తెలిసింది. పాత గోడలకు నేటి కట్టడాల్లాగా పునాది దగ్గర తేమను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది, సున్నపు పూత గుల్లగా ఉంటుంది కాబట్టి ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. నీటితోపాటు వచ్చిన ఉప్పు ఆ పూతలోనే పేరుకుంటుంది. కొన్నేళ్లకు పూత పాడైతే దాన్ని గీకి కొత్త పూత వేసుకుంటే సరిపోతుంది, ఇటుక మాత్రం క్షేమంగా ఉంటుంది. చిరిగితే మార్చుకునే చొక్కా లాంటిది సున్నపు పూత. సిమెంటు గట్టిది, చిక్కనిది, తేమను బయటికి పోనివ్వదు. లోపల చిక్కుకున్న నీరు ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది, ఉప్పు ఇటుకలోనే స్ఫటికాలుగా గడ్డకట్టి దాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఎల్లవేళలా ఉండే విశాఖ వంటి ఊళ్లో ఈ కీడు ఇతర ఊళ్లకంటే వేగంగా జరుగుతుంది. చాలా పాత ప్రహరీలలో, గోడలలో కనిపించే మన కొండరాయి, భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అని పిలిచేది, చెమ్మ పట్టి ఉంటే సులభంగా శిథిలమయ్యే రకం. అలాంటి రాళ్ల మధ్య దరజులను సిమెంటుతో నింపితే దరజు నిలుస్తుంది గాని రాయి అరిగిపోతుంది. సందేహం ఉన్నవారు ఏ పాత ప్రహరీ దగ్గరైనా ఆగి చూడవచ్చు. సిమెంటు గీతలు తేనెపట్టు గదుల్లా ముందుకు పొడుచుకు వచ్చి, వాటి మధ్య రాయి గుంటలుగా లోపలికి పోయి కనిపిస్తుంది.

సున్నపు పని ఓపిక అడిగే పని. మన తీరంలో గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి తీసిన గుల్ల సున్నాన్ని గోతిలో నానబెట్టి వారాల తరబడి మాగనిచ్చేవారు. ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరితే వచ్చేది డంగు సున్నం. పనిని బట్టి అందులో బెల్లం నీరు, కరక్కాయ నానబెట్టిన నీరు కలిపేవారు. అలా పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లమెల్లగా పీల్చుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అందుకే అది రోజుల్లో కాకుండా నెలల్లో, సంవత్సరాల్లో గట్టిపడుతుంది. ఈ పని తెలిసిన చేతులు నేడు జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా ఉన్నారో లేదో. దానికి తోడు మా టెండర్ల పద్ధతి ఒకటి. రోడ్లు, కాల్వలు వేసిన అనుభవాన్ని చూపి, తక్కువ ధర కోట్ చేసిన కాంట్రాక్టరుకే నూరేళ్ల భవనం మరమ్మతు కూడా దక్కుతుంది. రేట్ల షెడ్యూలులో సిమెంటు పూతకు ధర రెడీగా ఉంటుంది, సున్నపు పూతకు ధర రాబట్టడం మాత్రం ఒక యజ్ఞం. ఆర్థిక సంవత్సరం మార్చి నెలాఖరుకు ముగుస్తుందని తొందరపడే ఇంజినీరు ఏది రాస్తాడో ఊహించడం కష్టం కాదు. అలాంటి తొందరపాటు అంచనాల్లో నేను సంతకం చేసినవి ఎన్నో ఉన్నాయి.

చాలామంది దృష్టికి రాని మరో కారణం రోడ్డు. కోట వీధి, సోల్జర్‌పేట, బురుజుపేట ప్రాంతాల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొరను గీకకుండా దాని మీదే కొత్త పొర పరుస్తూ వచ్చారు. ఒకప్పుడు వీధికి మూడు మెట్ల ఎత్తున ఉన్న అరుగులు నేడు రోడ్డుకు సమానంగానో, ఇంకా కిందికో దిగాయి. వాన పడితే వీధి నీళ్లు నేరుగా నడవలోకి వస్తాయి. ఆ ఇంటివారు గత్యంతరం లేక గడప దగ్గర సిమెంటు కట్ట పోస్తారు, గోడ అడుగున నాలుగడుగుల ఎత్తు సిమెంటు పూస్తారు, దాంతో పైన చెప్పిన వ్యాధి మొదలవుతుంది. రోడ్డు వేసే విభాగానికి అరుగుల గోడు పట్టదు, వారసత్వ కట్టడాల గురించి సభల్లో మాట్లాడేవారికి రోడ్డు మందం పట్టదు. పాత పట్నంలో కొత్త పొర వేసే ముందు పాత పొరను గీకి తీరాలన్న ఒక్క నియమాన్ని ఖచ్చితంగా అమలుచేస్తే, ఎన్నో లక్షల ఖర్చుతో చేసే సుందరీకరణ కంటే అది ఎక్కువ ఇళ్లను నిలబెడుతుందని నా నమ్మకం.

ఇక తాళం సంగతి. వాడుకలో ఉన్న ఇంట్లో పైకప్పు కారితే ఆ రోజే తెలుస్తుంది. తూములో ఆకులు పేరుకుంటే ఎవరో ఒకరు తీసిపారేస్తారు, రావి మొక్క రెండాకులతో ఉన్నప్పుడే పీకేస్తారు. తాళం పడిన ఇంట్లో ఆ మూడూ ఎవరికీ తెలియకుండా పదేళ్లు సాగుతాయి. మద్రాసు టెర్రస్ అని మా మేస్త్రీలు పిలిచే కప్పులో టేకు వాసాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి పైన సున్నపు కాంక్రీటు దిమ్మిస కొడతారు. ఆ వాసం చివర, గోడలోకి దిగిన చోట, చెమ్మ తగిలి కుళ్లితే పైకి ఏమీ కనిపించదు, ఒకనాటి రాత్రి కప్పు మొత్తం కిందికి వస్తుంది. మనలాగే సముద్రం ఒడ్డున ఉన్న పుదుచ్చేరిలో, ఫ్రెంచివారు 19వ శతాబ్దంలో కట్టిన మేరీ అనే పురపాలక భవనం ఆలనాపాలనా లేక 2014 నవంబరు వానలకు కుప్పకూలింది. పాత రూపంలోనే దాన్ని మళ్లీ కట్టి 2021లో తెరిచారు. అయితే అది పాత భవనాన్ని పోలిన కొత్త భవనమే. ఏడాదికోసారి వానలకు ముందు తూములు శుభ్రం చేయించి, కప్పు మీద పగుళ్లు పూడ్పించడానికి అయ్యే ఖర్చు ఎంతో, ఆ పునర్నిర్మాణానికి అయిన ఖర్చు ఎంతో పోల్చి చూసుకోవలసిన అవసరం మనకూ ఉంది.

తాళం వేయకుండా పని అప్పగిస్తే కట్టడం ఎలా నిలుస్తుందో మన ఊరే చూపిస్తోంది. బీచ్ రోడ్డులో డచ్ బంగ్లా అని పిలిచే పాత భవనంలో 1991లో విశాఖ మ్యూజియం పెట్టారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన పట్నం మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలిన ఒకదాన్ని మన పిల్లలు అక్కడే చూస్తున్నారు. 1923లో మొదలైన కింగ్ జార్జి ఆసుపత్రిలో పాత భాగాలు ఇంకా రోగుల అడుగుల చప్పుడుతోనే ఉన్నాయి. 1847 నాటి సెయింట్ అలోషియస్ పాఠశాలలో ఇప్పటికీ గంట మోగుతోంది. బాలుడిగా సి.వి. రామన్ చదివింది అక్కడే, ఆయన తండ్రి అధ్యాపకుడిగా వచ్చింది మిసెస్ ఏవీఎన్ కళాశాలకు. బొబ్బిలి రాజావారి విరాళంతో 1904లో పూర్తయిన టౌన్‌హాలు విషయంలో మాత్రం నాకు బెంగ ఉంది. విక్టోరియా రాణి వజ్రోత్సవం పేరిట కట్టిన ఆ భవనం ఒకప్పుడు సముద్రానికి ఎదురుగా ఉండేది, ఇప్పుడు మధ్యలో రేవు వచ్చింది. దానికి మరమ్మతులు జరగడం సంతోషించదగ్గ విషయమే. కాని మరమ్మతు అయిన మరుసటి రోజు నుంచి అందులో నిత్యం ఏ పని జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. గ్రంథాలయమో, వార్డు సభల వేదికో, సంగీత కచేరీల సభాస్థలో, ఏదో ఒకటి రోజూ నడవకపోతే అది మళ్లీ గబ్బిలాల పాలవుతుంది.

పాతదాన్ని నిలబెట్టుకోవాలన్న పట్టుదల మనకు లేదనడానికి వీల్లేదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి పొందిన కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు లాక్కొచ్చి, 2002 నుంచి ప్రదర్శనశాలగా నిలబెట్టుకున్నాం. సముద్రంలో తిరగడానికి కట్టిన ఉక్కు నౌకను ఇసుక మీద కాపాడగలిగిన ఊరు, నేల మీద నిలవడానికే కట్టిన ఇటుక గోడను కాపాడలేనంటే నమ్మడం కష్టం.

కట్టడం పోతే దానితో పాటు ఏమి పోతుందో చెప్పడానికి డాబా గార్డెన్స్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. రోజూ వేలమంది ఆ పేరు పలుకుతూ అటుగా పోతారు. 1840ల ప్రారంభంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో అక్కడ ఒక ఖగోళ వేధశాల కట్టించాడు. మద్రాసు వేధశాల అధిపతి టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకున్నవాడాయన. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా దాటిన వింతను మన విశాఖ నుంచి పరిశీలించి లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వివరాలు పంపాడు. పైన చెప్పిన ఏవీఎన్ కళాశాల పేరులో ఉన్న మూడక్షరాలు ఆయనవే, ‘మిసెస్’ అన్న మాట ఆయన సతీమణి దాతృత్వానికి గుర్తు. ఆ వేధశాల భవనం నేడు లేదు. ఆ పేటలో పెరిగిన మా మనవడికి ఈ సంగతి చెబితే, “మన డాబా గార్డెన్స్‌లోనా తాతయ్యా?” అని నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. గోడ ఒక్కటైనా మిగిలి ఉంటే వాడు నా మాట మీద ఆధారపడవలసిన అవసరం ఉండేది కాదు.

చట్టం ఉందిగదా అనేవారికి ఒక మనవి. 1958 నాటి కేంద్ర చట్టం గాని, మన రాష్ట్రంలో అమలులో ఉన్న 1960 నాటి చట్టం గాని రక్షించేది, ప్రభుత్వం రక్షిత కట్టడాలుగా ప్రకటించినవాటినే. శంకరం దగ్గర బొజ్జన్నకొండ, మంగమారిపేట దగ్గర తొట్లకొండ, బావికొండ వంటి బౌద్ధ క్షేత్రాలు ఆ జాబితాల్లో ఉన్నాయి. వన్‌టౌన్ మేడలు, పాత బడులు, సత్రాలు, మార్కెట్లు, స్మశానవాటికలు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో తీరం వెంట కాపలా కోసం కట్టిన పిల్‌బాక్సులనే చిన్న కాంక్రీటు గదులు, వీటిలో అత్యధిక భాగానికి ఆ రక్షణ లేదు. పైగా జాబితాలో ఉన్నంత మాత్రాన భద్రత వచ్చినట్లు కాదని తొట్లకొండ చెబుతోంది. 1976లో నౌకాదళం వైమానిక సర్వేలో బయటపడి, 1988 నుంచి 1992 వరకు తవ్వకాలు జరిగిన ఆ కొండమీద, పునరుద్ధరించిన మహాస్తూపం కొంత భాగం 2019 అక్టోబరు వానలకు కూలిపోయింది. రెండు వేల ఏళ్ల కిందటి భిక్షువులు వాననీటిని నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు మాత్రం, కొండకు పేరు తెచ్చిన ఆ తొట్లు, నీళ్లు పట్టి చక్కగానే ఉన్నాయి. నీటిని ఎటు పంపాలో వారికి తెలిసినంత మనకు తెలియలేదని మా వృత్తివాళ్లం ఒప్పుకోక తప్పదు.

కాబట్టి మొదట కావలసింది నగర స్థాయి జాబితా. 1995లో బొంబాయి నగరం తన కట్టడాలను మూడు శ్రేణులుగా విభజించి ఈ పని మొదలుపెట్టింది. మొదటి శ్రేణిలోని వాటిని ముట్టుకోకూడదు. రెండో శ్రేణిలో బయటి రూపం నిలుపుకుంటూ లోపల అవసరమైన మార్పులు చేసుకోవచ్చు. మూడో శ్రేణిలో వీధి రూపురేఖలు చెడకుండా ఇంకాస్త స్వేచ్ఛ ఉంటుంది. అన్నిటికీ ఒకే కఠిన నియమం పెడితే యజమానులు భయపడి, జాబితా రాకముందే రాత్రికి రాత్రి కూలగొడతారు. శ్రేణులుంటే ఆ భయం తగ్గుతుంది. నగరపాలక సంస్థ, మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ కలిసి వార్డులవారీగా ఈ పని చేపట్టవచ్చు. ఆర్కిటెక్చరు విద్యార్థులకు ఒక వేసవి ఇస్తే కొలతలు, ఛాయాచిత్రాలు, యాజమాన్య వివరాలు సిద్ధమవుతాయి. వారసత్వ సంరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థకు విశాఖ శాఖ కూడా ఉంది, దాని సాయం తీసుకోవచ్చు. ఈ జాబితా భవన నిర్మాణ అనుమతులిచ్చే కంప్యూటరులోకి ఎక్కాలన్నది నా ముఖ్యమైన విన్నపం. పుస్తకంగా అచ్చువేసి ఆవిష్కరించిన జాబితా, కూల్చివేతకు దరఖాస్తు వచ్చిన రోజున ఆ గుమాస్తా బల్ల మీద ఉండదు.

యజమానుల బాధ కూడా న్యాయమైనదే. మా దూరపు బంధువుల ఇల్లు ఒకటి పాత పట్నంలో ఉండేది. మండువా లోగిలి, నాలుగు వైపులా వసారా, చెక్కిన స్తంభాలు, పెంకుల వాలు. తాతగారి నుంచి ఏడుగురు వాటాదారులకు వచ్చింది. ఇద్దరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో, మిగిలినవారు ఊళ్లోనే ఉన్నా అపార్టుమెంట్లలో ఉన్నారు. పైకప్పు పెంకులు మార్చడానికి ఎవరు ఎంత ఇవ్వాలన్నది తేలక ఆరేళ్లు గడిచాయి, ఏడో ఏట బిల్డరుకు ఇచ్చేశారు. తలుపులు, ద్వారబంధాలు, స్తంభాలు పాత కలప కొనేవారు వచ్చి బేరమాడి పట్టుకుపోయారు. ఆ స్తంభాల్లో రెండింటిని తరవాత ఒక హోటలు ముంగిట అలంకారంగా చూశాను. ఆ ఏడుగురిని నేను తప్పుపట్టలేను. ఆస్తిపన్ను, నీటి పన్ను కొత్త మేడతో సమానంగా కడుతూ, అమ్ముకుంటే వచ్చే కోట్లను వదులుకుని, ఊరి కోసం పాత ఇంటిని మోయమనడం న్యాయం కాదు. రోడ్ల వెడల్పులో స్థలం పోయినవారికి మన పురపాలక సంఘాలు అభివృద్ధి హక్కుల బదిలీ బాండ్లు, అంటే మరోచోట అదనంగా కట్టుకోవడానికో ఆ హక్కును అమ్ముకోవడానికో వీలిచ్చే పత్రాలు, ఇస్తున్నాయి. పాత ఇంటిని కూల్చకుండా నిలుపుకున్నవారికి, వారు పైన కట్టుకోకుండా వదులుకున్న అంతస్తులకు బదులుగా అలాంటి బాండ్లు జాప్యం లేకుండా చేతికి అందాలి. అహ్మదాబాదు పాత నగరంలోని చెక్క ఇళ్ల యజమానులకు ఈ విధానం కొంత ఊరట కలిగించింది. 2017లో ఆ నగరానికి ప్రపంచ వారసత్వ నగరంగా యునెస్కో గుర్తింపు రావడానికి ముందు, అక్కడ ఇంటింటి జాబితా కోసం ఎంతో కృషి జరిగింది.

ఇవన్నీ పరాయి పాలకుల గుర్తులు కదా, వీటి మీద మన డబ్బు ఎందుకని అడిగే మిత్రులున్నారు. ప్రశ్న తోసిపుచ్చదగ్గది కాదు. కాని టౌన్‌హాలుకు డబ్బు పెట్టింది బొబ్బిలి రాజా, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చింది జయపురం మహారాజా విక్రమదేవవర్మ, డంగు నూరింది, ఇటుక పేర్చింది మన మేస్త్రీలు. రేవు ముఖాన వరసగా నిలిచిన మూడు కొండల మీద ఒకచోట చర్చి, ఒకచోట దర్గా, ఒకచోట వేంకటేశ్వరుని గుడి ఉన్నాయి. ఆ గుడిని ఒక ఇంగ్లీషు కెప్టెను కట్టించాడని ఊరివారు చెప్పుకుంటారు. ఇందులో ఎవరిది ఎంత వాటా అని విడదీయడం నాకైతే చేతకాదు. రోడ్డు వెడల్పు పేరు చెబితే చాలు దేనికైనా అడ్డు తొలగాల్సిందే అనేవారికి, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి స్థలపురాణం గుర్తుచేయాలనిపిస్తుంది. 1917లో దారికి అడ్డమని పురపాలకులు అమ్మవారి విగ్రహాన్ని పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు చెలరేగిందని, తిరిగి యథాస్థానంలో పెట్టాకే తగ్గిందని చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా, వెడల్పు కంటే విలువైనది వీధి మధ్యలో ఉండవచ్చునని మన పెద్దలు ఒకసారి ఒప్పుకున్నారన్నది నిజం.

విశాఖతో ఆగే విషయం కాదిది. ఉత్తరాంధ్రలో 2022లో జిల్లాలను విభజించాక, సాగరతీరం నుంచి మన్యం వరకు ఒకే చరిత్రకు చెందిన కట్టడాలు వేరువేరు కలెక్టర్ల పరిధిలోకి వెళ్లాయి. బొజ్జన్నకొండ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు, గడియార స్తంభం, పాత దీపస్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి ఒకదానికొకటి నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉన్నాయి. ఒక్క పూటలో మూడు శతాబ్దాలు చూపగల ఊరు మన తీరంలో మరొకటి ఉందనుకోను, అయినా అక్కడ సమాధుల మీది అక్షరాలు ఏటేటా అరిగిపోతున్నాయి. విజయనగరంలో 2020లో మూడు లాంతర్ల స్తంభాన్ని అభివృద్ధి పనుల్లో తొలగించినప్పుడు ఊరు ఊరంతా నొచ్చుకుంది. తరవాత కొత్తగా కట్టారు. నొచ్చుకున్నవారి మాట ముందే వినే ఏర్పాటు ఉండి ఉంటే ఆ పని అలా జరిగేది కాదు. జిల్లాకో జాబితా, అన్నిటికీ కలిపి ఒకే సలహా సంఘం ఉంటే ఒకచోట నేర్చుకున్నది మరోచోట పనికొస్తుంది.

సున్నపు పని నేర్పే ఏర్పాటు కూడా ఆ సంఘమే చూడాలి. మన పాలిటెక్నిక్కుల్లో, ఐటీఐల్లో తాపీ పని నేర్చుకునే కుర్రవాళ్లకు ఒక్క నెల గానుగ సున్నం పట్టించినా చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక ఎన్నో పాత పైకప్పులకు సిమెంటు, రేకులు ఎక్కాయి. అవి పాడయ్యే రోజు దగ్గరపడుతోంది, అప్పటికైనా చేతులు సిద్ధంగా ఉండాలి. ఆలోగా అధికారులకు నా విన్నపం చిన్నదే. నూరేళ్లు దాటిన ఏ ప్రభుత్వ భవనానికైనా సిమెంటు పూతకు అంచనా వస్తే, సంతకం చేసేముందు దాన్ని ఒక వారం ఆపి, సున్నం తెలిసినవారిని ఒక్కసారి గోడ మీద చెయ్యి వేసి చూడమనండి.

చివరగా ఒక సొంత విషయం. నా ఉద్యోగ కాలంలో మరమ్మతుకు వెళ్లిన ప్రతి పాత భవనం కొలతలు, దూలాల మందం, గోడల వెడల్పు, కిటికీల తీరు, మేస్త్రీలు చెప్పిన పాళ్లు నా నోటు పుస్తకాల్లో రాసుకున్నాను. పదకొండు పుస్తకాలున్నాయి, వాటిలోని భవనాల్లో కొన్ని ఇప్పుడు లేవు. నాకు డెబ్బై నాలుగేళ్లు, కాగితాలు పసుపుబారుతున్నాయి. వీటిని తీసుకుని, రసీదు ఇచ్చి, భద్రపరచే కార్యాలయం ఏదని మూడుచోట్ల అడిగాను. ఒకచోట దరఖాస్తు పెట్టుకోమన్నారు, ఒకచోట రికార్డుగది నిండిపోయిందన్నారు, మరోచోట అది మా పరిధిలోకి రాదన్నారు. మీ పాఠకుల్లో ఎవరికైనా సరైన చిరునామా తెలిస్తే మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. పుస్తకాలను నేనే స్వయంగా తెచ్చి అప్పగిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజినీరు,
మహారాణిపేట, విశాఖపట్నం